సనదు లేని సమీక్షలు
— సమాజశాస్త్ర విద్యార్థుల గ్రంథాలయ పరిశోధన: ఒక విమర్శ

సమాజశాస్త్రంలో పరిశోధనకు పూనుకొన్న విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలోని రెండవ అధ్యాయానికి "పూర్వ పరిశోధనల సమీక్ష" అని పేరు పెట్టడం విశ్వవిద్యాలయాల్లో స్థిరపడిన ఆనవాయితీ. క్షేత్ర పరిశీలనకు బయలుదేరే ముందు గ్రంథాలయంలో తాను చేసిన కృషి ఏపాటిదో విద్యార్థి ఈ అధ్యాయంలో చూపవలసి ఉంటుంది. కాని ఆచరణలో ఇది పేర్ల పట్టికగా మారిపోయింది. ఫలానావారు ఇట్లా అన్నారు, ఫలానావారు అట్లా అభిప్రాయపడ్డారు అంటూ పేరా తరువాత పేరా సాగిపోతుంది. ఆ ఫలానావారికి ఆ సంగతి ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ భాషలో చెప్పారు అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా తలెత్తదు.

ఇంగ్లీషు, ఉర్దూ మూలాలను తెలుగు చేయడంలో సహాయం కోరి కడప జిల్లా విద్యార్థులు తెచ్చే రాతప్రతులను కొన్నేళ్ళుగా చూస్తున్నాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల ముస్లిం సమాజం, అందులోనూ దూదేకుల లేక నూర్‌బాషా సమాజం, వీటిలో చాలావాటికి వస్తువు. ఏ ఒక్క విద్యార్థినో, ఏ ఒక్క సంస్థనో వేలెత్తి చూపడం ఈ వ్యాసం ఉద్దేశ్యం కాదు. అన్నిటిలోనూ కనిపించే ఒకే లోపాన్ని ఎత్తిచూపి, దాన్ని దిద్దుకొనే ఉపాయం మన హదీసు విద్వాంసులు ఏనాడో సిద్ధం చేసి ఉంచారని మనవి చేయడమే ఉద్దేశ్యం.

"సనదు" అనే మాట తెలుగు పల్లెల్లో తెలియనిది కాదు. ఇనాం భూమికి హక్కు చూపమంటే రైతు సనదు తెచ్చి చూపేవాడు. అరబీలో ఆ మాటకు మూలార్థం ఆనుకొని నిలబడే ఆధారం. హదీసు శాస్త్రంలో అది ఒకరి నుండి ఒకరికి మాట అందివచ్చిన పరంపర. భూమికైనా మాటకైనా సనదు లేకపోతే హక్కు నిలవదు. మన సమీక్షాధ్యాయాలకు లేనిది ఇదే.

ఒకే పేరా, ఎన్నో పుస్తకాలు

ఉదాహరణకు ఒక్క విషయం తీసుకొందాం. ఈ మూడు ఊళ్ళ పరిసరాలు నల్లరేగడి నేలలు. పత్తి పండే భూములు. దూదిని ఏకి ఇచ్చే వృత్తిలో దూదేకులవారు తరతరాలుగా బ్రతికిన ప్రాంతమిది. వీరిని గూర్చి వ్రాసే ప్రతి విద్యార్థీ ఉదాహరించే గ్రంథం ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రకటించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం. మద్రాసు మ్యూజియం అధికారిగా ఉండిన థర్‌స్టన్, కె. రంగాచారి సహాయంతో దాన్ని సంకలనం చేశాడు. దూదేకులవారి వ్యాసం రెండవ సంపుటంలో ఉన్నది.

ఆ వ్యాసాన్ని నిదానంగా చదివినవారికి ఒక సంగతి స్పష్టమవుతుంది. అందులోని ప్రధాన వర్ణన థర్‌స్టన్ సొంతం కాదు. వృత్తి, సున్తీ, మసీదులో నమాజు, హిందూ పండుగలలో కొందరి పాల్గోలు, దసరాకు బదులు బక్రీదునాడు పనిముట్లకు చేసే మర్యాద, ఇవన్నీ 1901 మద్రాసు జనాభా లెక్కల నివేదిక నుండి ఎత్తి వ్రాసినవే. ఆ నివేదికను తయారుచేసినవాడు డబ్ల్యు. ఫ్రాన్సిస్ అనే అధికారి. అటు తరువాత దత్తమండలాల దూదేకులవారిని గూర్చిన వివరాలు వస్తాయి. ఆ వివరాలు తనకు సమకూర్చినవారు హాజీ ఖాజా హుస్సేన్ అని థర్‌స్టన్ కృతజ్ఞతతో పేరు చెప్పాడు. పెనుకొండ బాబా ఫక్రుద్దీన్ తమ గురువని దూదేకులవారు చెప్పుకొంటారన్న ప్రసిద్ధమైన సమాచారం ఇక్కడిదే.

మరి మన విద్యార్థులు వ్రాస్తున్నదేమిటి? "థర్‌స్టన్ ప్రకారం" అని. ఫ్రాన్సిస్ పేరు లేదు. అన్నిటికన్న విచారకరం, హాజీ ఖాజా హుస్సేన్ పేరు లేదు. దత్తమండలాల జనాన్ని గురించి సమాచారం సమకూర్చి ఇచ్చిన ఒక ముస్లిం పెద్ద పేరును థర్‌స్టన్ దాచలేదు. వంద సంవత్సరాల తరువాత మనవాళ్ళే దాన్ని రాల్చివేశారు. ఇది మర్యాదకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. వలస ప్రభుత్వపు అధికారి పైనుండి చూసి వ్రాసినదేదో, స్థానికంగా తెలిసినవారు చెప్పినదేదో వేరుచేసి చూపగల ఏకైక గుర్తు ఆ పేరు. దాన్ని తీసివేస్తే రెండు వేర్వేరు సాక్ష్యాలు కలిసిపోయి ఒక్క థర్‌స్టన్ మాటగా మిగులుతాయి.

ఇంకొక సంగతి. హాజీ ఖాజా హుస్సేన్ సమాచారం దత్తమండలాలకు సంబంధించినది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదలిపెట్టిన ఆ ప్రాంతం ఎంతో విశాలమైనది. పెనుకొండ ఉన్నది అనంతపురం వైపు. అక్కడి విషయం పులివెందులకు ఎంతవరకు వర్తిస్తుందో విద్యార్థి విచారించి చెప్పవలసినదే గాని, ఊహించి చెప్పవలసినది కాదు.

తద్‌లీస్ అనే దోషం

హదీసు విద్వాంసులు ఉల్లేఖకుల లోపాలను వర్గీకరించి పేర్లు పెట్టారు. వాటిలో మూడింటిని మన సమాజశాస్త్ర విద్యార్థులకు నేర్పితే మేలు.

మొదటిది తద్‌లీస్. ఒకడు తన పొరుగువాని నోట ఒక మాట విని, ఆ పొరుగువాని పేరు దాటవేసి, అంతకు పైనున్న పెద్దమనిషి నుండి తానే విన్నట్టు ధ్వనించేలా చెప్పడం. థర్‌స్టన్ సంపుటాన్ని తెరవకుండా, నిన్నమొన్నటి తెలుగు పుస్తకంలోనో మరొకరి సిద్ధాంత వ్యాసంలోనో ఉన్న ఉల్లేఖనను తీసుకొని, అడుగున "థర్‌స్టన్, 1909" అని వ్రాసుకోవడం అచ్చంగా ఇదే. విద్యార్థి దీన్ని దోషమని కూడా అనుకోడు. పుట సంఖ్య వేశాడు గదా, ఇంకేం కావాలంటాడు. మధ్యవాడు తప్పు చదివి ఉంటే ఆ తప్పు కూడా థర్‌స్టన్ ఖాతాలో పడిపోతుంది.

రెండవది ఖబరె వాహిద్‌కూ ముతవాతిర్‌కూ తేడా తెలియకపోవడం. ఎన్నో స్వతంత్ర పరంపరల ద్వారా అందివచ్చినది ముతవాతిర్. ఒకే మూలం మీద నిలిచినది ఖబరె వాహిద్. దూదేకులవారి ఆచారాన్ని గూర్చి అయిదు పుస్తకాలు ఏకకంఠంతో చెబుతున్నాయని విద్యార్థి సంబరపడతాడు. ఆ అయిదింటి పరంపరనూ వెనక్కి పట్టుకొని పోతే చాలాసార్లు తేలేది 1901 నాటి ఆ ఒక్క పేరాయే. అయిదు నోళ్ళు, సాక్షి మాత్రం ఒక్కడు.

మూడవది కాలాన్ని విస్మరించడం. ఉల్లేఖకుడు ఎప్పుడు పుట్టాడు, ఎప్పుడు మరణించాడు, తాను చెప్పేవానిని కలుసుకొనే అవకాశం ఉండిందా అని విద్వాంసులు తేదీలు పట్టి చూసేవారు. మనవారు 1901 నాటి వర్ణనను వర్తమాన కాలంలో వ్రాసేస్తున్నారు. "దూదేకులవారు బక్రీదునాడు తమ పనిముట్లను పూజిస్తారు" అని! దూది ఏకే విల్లు ఎన్ని ఇళ్ళలో మిగిలి ఉన్నదో, జిన్నింగు మిల్లులు వచ్చిన తరువాత ఆ వృత్తి ఏమైందో ప్రశ్నే లేదు. పేరు మిగిలింది, పని పోయింది. ఈ రెంటి మధ్య జరిగినదే సమాజశాస్త్రం తెలుసుకోవలసిన చరిత్ర; ఒక్క క్రియారూపం దాన్ని కప్పివేస్తున్నది.

ఇబ్న్ ఖల్దూన్‌ను సమాజశాస్త్రానికి ఆద్యుడని మన పాఠ్యపుస్తకాలు గౌరవిస్తాయి. కాని ఆయన 1377లో రచించిన ముఖద్దిమా దేనితో మొదలవుతుందో విద్యార్థులకు చెప్పేవారు తక్కువ. చరిత్రకారులు తమకు అందిన కథనాలను పరీక్షించకుండా ఒకరిని చూసి ఒకరు వ్రాసుకొంటూ పోవడాన్ని ఖండించడంతోనే ఆయన ఆరంభించాడు. మూసా ప్రవక్త కాలపు సేన సంఖ్యను మసూదీ వంటివారు లక్షల్లో చెప్పడాన్ని ఎత్తుకొని, అంతటి సేన ఆ నేల మీద నిలవగలదా, కదలగలదా అని ప్రశ్నించాడు. అంటే పరంపరతో పాటు విషయాన్ని కూడా, అది ఆ సమాజంలో సంభవమా కాదా అని తూచి చూడమన్నాడు. ఆద్యుడి పేరు నేర్పి ఆయన పద్ధతిని వదలివేయడం మన బోధనలోని వింత.

పేర్లు తెలియనివానికి బీరువాలు తెరుచుకోవు

ఇక గ్రంథాలయంలో పుస్తకం వెతికే విద్యకు వద్దాం. సూచికలో ఒక్క పేరుతో వెతికి "నా విషయం మీద ఏమీ లేదు" అని తిరిగివచ్చే విద్యార్థులు ఎందరో. లేకపోవడం వేరు, మరో పేరు కింద ఉండడం వేరు.

జిల్లా పేరే చూడండి. ఇంగ్లీషు కాగితాల్లో "కడప" అని నేటి ఉచ్చారణకు తగిన వర్ణక్రమం అధికారికంగా వచ్చింది 2005లో. అంతకు ముందటిదంతా "కడ్డపా" అని పలికేటట్టు ఉన్న పాత వర్ణక్రమంలో ఉన్నది. అంతకన్నా పాత చరిత్ర గ్రంథాల్లో ఇక్కడి నవాబులు "కుర్పా" నవాబులు. 2010లో జిల్లాకు వై.ఎస్.ఆర్. పేరు వచ్చింది. ప్రాంతం పేరు 1928కి ముందు "సీడెడ్ జిల్లాలు" లేక దత్తమండలాలు. ఆ సంవత్సరం నంద్యాల సభలో "రాయలసీమ" అనే పేరు ముందుకు వచ్చింది. "రాయలసీమ" అని మాత్రమే వెతికేవాడికి పందొమ్మిదవ శతాబ్దమంతా శూన్యంగానే కనిపిస్తుంది. పులివెందుల పాత రికార్డుల్లో "పులివెండ్ల". తెలుగులో "పులివెందల" అని కూడా వ్రాస్తారు. ప్రొద్దుటూరు "ప్రొద్దటూరు" కావచ్చు, "పొద్దుటూరు" కావచ్చు.

జనం పేర్లు మరీ చిక్కు. దూదేకుల, పింజారి, లద్దాఫ్, నూర్‌బాషా, ఈ నాలుగూ ప్రభుత్వ వెనుకబడిన తరగతుల జాబితాలో ఒకే వరుసలో కనిపిస్తాయి. కాని గ్రంథాలయ సూచికలో అవి నాలుగు వేర్వేరు చోట్ల ఉంటాయి. వాటిలో ఒకటి నిందావాచకంగా కూడా వాడుకలోకి వచ్చినందున నేటి విద్యావంతులు దాన్ని తలవరు. తలవరు గనుక వెతకరు. ఆ పేరు కింద ఉన్న సమాచారం వారికి అందదు. వెతకడానికి ఒక పేరును వాడడం దాన్ని ఆమోదించడం కాదు. ముస్లిములు కూడా పాత ఇంగ్లీషు సూచికల్లో "మహమ్మడన్లు"గా, పాత తెలుగు పుస్తకాల్లో మహమ్మదీయులుగా, తురకలుగా ఉంటారు. కాబట్టి పరిశోధన మొదలుపెట్టిన మొదటి వారంలోనే విద్యార్థి తన ఊరికి, తన జనానికి ఉన్న పేర్లన్నీ, ఏ పేరు ఏ కాలానిదో గుర్తుపెట్టుకొంటూ, ఒక పట్టిక వ్రాసుకోవాలి.

పేర్లు దాటితే అమరిక. మన గ్రంథాలయాల్లో చాలావరకు మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతిని అనుసరిస్తాయి. మతాలకు కేటాయించిన 200ల వరుసలో బైబిలుకూ క్రైస్తవానికీ 220 నుండి 280ల దాకా స్థలం దక్కితే, ఇస్లాం మొత్తం 297 అనే ఒక్క సంఖ్యలో ఒదిగిపోయింది. పోనీ, ముస్లిములను గూర్చిన పుస్తకాలన్నీ అక్కడైనా ఉంటాయా అంటే ఉండవు. ముస్లిములు ఒక సామాజిక వర్గంగా 305 కింద, ఆంధ్రదేశ చరిత్ర 954.84 కింద, తెలుగు ముస్లిం రచయితల కథలు, కవిత్వం 894.827 కింద, ఉర్దూ సాహిత్యం 891.439 కింద చెదరిపోతాయి. 297 దగ్గర నిలబడి వెతికే సమాజశాస్త్ర విద్యార్థికి ధర్మశాస్త్రం దొరుకుతుంది, సమాజం దొరకదు. 305 దగ్గర నిలబడినవాడికి సమాజం దొరుకుతుంది, దాని విశ్వాసం దొరకదు. ఒక్క బీరువాను నమ్ముకొన్న సిద్ధాంత వ్యాసాలు ఆ బీరువా ఆకారంలోనే తయారవుతాయి.

క్రీ.శ. 987లో బాగ్దాదులో ఇబ్న్ నదీమ్ తన ఫిహ్రిస్త్‌ను రచించినప్పుడు, ఆయన పుస్తకాల వర్తకంతో సంబంధమున్నవాడు. ఏ పుస్తకం తన కంట పడిందో, ఏది ఇతరుల మాట మీద వ్రాస్తున్నాడో అనేకచోట్ల విడమరచి చెప్పాడు. సూచిక అంటే పుస్తకానికి దారి మాత్రమేననీ, అది పుస్తకం కాదనీ ఆయనకు తెలుసు.

మూడు ఊళ్ళకు అందుబాటులో ఉన్న సామగ్రి

"మా ప్రాంతం మీద ఏముంది, అన్నీ హైదరాబాదు మీదే" అనే ఫిర్యాదు తరచు వింటున్నాము. పాత పుస్తకాలకే పరిమితమై చూసినా ఇది నిజం కాదు.

జె.డి.బి. గ్రిబుల్ 1875లో ప్రకటించిన కడప జిల్లా మాన్యువల్, సి.ఎఫ్. బ్రాకెన్‌బరీ 1915లో వ్రాసిన గెజెటీరు, స్వాతంత్ర్యానంతరం 1967లో వెలువడిన గెజెటీరు, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకొని ఒకే తాలూకా వర్ణనను చదవడం మంచి అభ్యాసం. తరువాతివాడు ముందటివానినుండి ఎంత తీసుకొన్నాడో, ఎక్కడ కొత్తగా విచారించాడో అప్పుడు తేటతెల్లమవుతుంది. పరంపరను పట్టుకొనే విద్యకు ఇంతకంటె సులభమైన పాఠం లేదు.

కల్నల్ మెకంజీ మనుషులు కరణాల దగ్గర వ్రాయించి తెచ్చిన కైఫియత్తుల్లో గండికోటది ముఖ్యమైనది. జమ్మలమడుగు ముంగిట ఉన్న ఆ కోట పెమ్మసాని నాయకుల చేతినుండి 1650లో మీర్ జుమ్లా వశమైంది. కోటలోని జామియా మసీదును గూర్చి వ్రాసే విద్యార్థి కైఫియత్తును కూడా చదవాలి గాని, ప్రయాణికుల కరపత్రాలతో సరిపెట్టుకోకూడదు. కడప జిల్లా కైఫియత్తులను సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. బ్రౌన్ నివసించిన బంగళా స్థలంలో వెలసిన ఆ గ్రంథాలయం 2006 నుండి యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఉన్నది. ప్రొద్దుటూరు బస్సెక్కితే కడప ఎంత దూరం?

కైఫియత్తులను, పాత రెవిన్యూ కాగితాలను చదవడానికి కావలసిన నిఘంటువు కూడా బ్రౌనే ఇచ్చిపోయాడు. తెలుగులో కలిసిపోయిన అరబీ, పారశీ, హిందూస్తానీ మాటలకు ఆయన 1854లో ప్రకటించిన మిశ్రభాషా నిఘంటువు, 1855లో వెలువడిన హెచ్.హెచ్. విల్సన్ రెవిన్యూ, న్యాయ పదకోశం, ఈ రెండూ చేతిలో ఉంటే ముతవల్లీ, ముజావర్, ఖాజీ, ఇనాం, జమాబందీ వంటి మాటల దగ్గర విద్యార్థి తడబడడు. కైఫియత్తు అనే మాటే మనది.

1858లో మద్రాసు ప్రభుత్వం నెలకొల్పిన ఇనాం కమిషన్ గ్రామగ్రామానా విచారించి తయారుచేసిన రిజిస్టర్లలో ఖాజీలకు, మసీదులకు, దర్గాలకు ఇచ్చిన ఇనాములు నమోదై ఉన్నాయి. 1954 నాటి వక్ఫ్ చట్టం కింద సర్వే జరిపి గెజెట్టులో ప్రకటించిన జాబితాలు మరొక సామగ్రి. ఈ రెంటినీ కలిపి చూస్తే ఒక ఊరిలోని ముస్లిం సంస్థల చరిత్ర వంద సంవత్సరాల ఎడంతో రెండుసార్లు కనిపిస్తుంది.

1961 జనాభా లెక్కల శాఖ ప్రకటించిన జాతరలు, ఉత్సవాల సంపుటాల్లో కడప జిల్లాకు చెందినది విద్యార్థులకు దాదాపు తెలియనే తెలియదు. తాలూకాలవారీగా ఉరుసులు, పీర్ల పండుగ, గ్రామదేవతల కొలుపులు అందులో వివరించబడ్డాయి. పరంపర విషయంలో ఆ సంపుటాలు మనకు గురువులు. గ్రామ వివరణ చివర ఆ సమాచారం ఇచ్చిన ఉపాధ్యాయుని పేరో, గ్రామ పెద్ద పేరో చెప్పే అలవాటు వాటిలో ఉన్నది. ఒక ప్రభుత్వ శాఖ పాటించిన నియమాన్ని పరిశోధక విద్యార్థి పాటించలేడా?

ఒక్క హెచ్చరిక. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో జిల్లాయే విడిపోయింది. జమ్మలమడుగు తాలూకా అంకెను జమ్మలమడుగు మండలపు అంకెతో పోల్చి, ముస్లిం జనాభా తగ్గిందనో పెరిగిందనో తీర్మానించడం పేరును చూసి నేలను మరచిపోవడం. కులాలవారీ అంకెలు కావలసినవారు మరొకటి గుర్తుంచుకోవాలి. 1931 తరువాత స్వాతంత్ర్య భారతంలో జరిగిన జనాభా లెక్కల్లో 2011 దాకా షెడ్యూల్డు కులాలు, తెగలకు తప్ప ఇతర కులాలకు అంకెలు ప్రకటించలేదు. 1951 తరువాతి సెన్ససును చూపి దూదేకుల జనాభా ఇంత అని ఎవరైనా వ్రాస్తే, ఆ అంకె ఎక్కడిదో అడిగి తీరవలసిందే.

అనువాదం తెచ్చే చిక్కు

అనువాదకుడిగా నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇది. ఇంగ్లీషు నివేదికలో "వర్షిప్" అని ఒక మాట, "ప్రే" అని ఒక మాట ఉంటాయి. విద్యార్థి మొదటిదాన్ని "పూజించు" అని, రెండవదాన్ని "ప్రార్థించు" అని తెలుగు చేస్తాడు. అధికారికి ఆ సంగతి చెప్పిన మనిషి ఇంగ్లీషులో చెప్పి ఉండడు గదా. తెలుగులోనో, దక్కనీ ఉర్దూలోనో చెప్పిన మాటను అధికారి ఇంగ్లీషు చేశాడు. మనం దాన్ని మళ్ళీ తెలుగు చేస్తున్నాము. పనిముట్ల ముందు ఊదు వేసి ఫాతిహా చదవడం, వాటికి కుంకుమ పెట్టి మొక్కడం, ఈ రెండూ "వర్షిప్" అనే ఒకే మాటలో ఇమిడిపోతాయి. దర్గా దగ్గర జియారత్ చేయడం, నమాజు చదవడం, దుఆ అడగడం, ఈ మూడూ "ప్రే" అవుతాయి. ఇస్లామీయ విద్యలో వీటి మధ్య భేదం ఎంత పెద్దదో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. ఒక్క మాట తేడాతో ఒక జనం విశ్వాసమే మారినట్టు తీర్మానం చేయబడుతుంది. ఇంగ్లీషు మాట ఏదో యథాతథంగా తెలుగు లిపిలో చూపి, దానికి ఎన్ని అర్థాలు సాధ్యమో చెప్పి, క్షేత్రంలో పెద్దలను అడిగి తేల్చుకోవడమే న్యాయమైన దారి.

అభ్యంతరాలు

సమాజశాస్త్రం క్షేత్రశాస్త్రం గదా, ఇంత పుస్తక పరిశ్రమ ఎందుకని కొందరు అంటారు. ఎం.ఎన్. శ్రీనివాస్ పుస్తక దృష్టిని కాదని క్షేత్ర దృష్టిని నెలకొల్పాడని సాక్ష్యం తెస్తారు. శ్రీనివాస్ కాదన్నది ధర్మగ్రంథాలను మాత్రమే చదివి సమాజం అట్లాగే ఉన్నదనుకోవడాన్ని. గ్రంథాలయానికి పోవద్దని ఆయన అనలేదు. థర్‌స్టన్‌ను పరీక్షించకుండా నమ్మి క్షేత్రానికి పోయినవాడు అక్కడ థర్‌స్టన్‌నే చూసి వస్తాడు.

పొరుగు జిల్లా పరిశోధనలను తెచ్చి ఇక్కడ అతికించడం కూడా ఇటువంటిదే. అనంతపురం జిల్లా గూగూడు పీర్ల పండుగపై అఫ్సర్ మొహమ్మద్ 2013లో ప్రకటించిన గ్రంథం ఒక ఊరిని ఆశ్రయించి చేసిన కృషి. ఇంతియాజ్ అహ్మద్ సంపాదకత్వంలో 1973లో వెలువడిన ముస్లిములలో కుల వ్యవస్థ గ్రంథం దేశంలోని వేర్వేరు ప్రాంతాల పరిశీలనలను ఒకచోట చేర్చింది. ఇవి ప్రశ్నలు నేర్చుకోవడానికి ఉత్తమమైనవి. ప్రొద్దుటూరుకు సమాధానాలు మాత్రం ప్రొద్దుటూరులోనే దొరకాలి.

ఇప్పుడు అన్నీ కంప్యూటరులో దొరుకుతున్నాయి గదా అన్నది మరో వాదం. నిజమే. శోధ్‌గంగలో దేశంలోని సిద్ధాంత వ్యాసాలు ఎన్నో చదువుకోవచ్చు. పాత గెజెటీర్ల ఛాయాప్రతులు ఇంట్లో కూర్చొని తెరవవచ్చు. పల్లె విద్యార్థికి ఇది గొప్ప వరం. అయితే సౌకర్యం పెరిగినకొద్దీ తద్‌లీస్ కూడా సులభమైంది. ఒకరి సమీక్షాధ్యాయం మరొకరి సమీక్షాధ్యాయంలోకి పుట సంఖ్యలతో సహా నడిచిపోతున్నది. నకలును పట్టే యంత్రాలు మాటల పోలికను పట్టగలవు. చదవని పుస్తకాన్ని చదివినట్టు చూపడాన్ని పట్టలేవు. పోతే, పరిశోధనా పద్ధతుల పాఠాల్లో ఉపయుక్త గ్రంథాల పట్టికలో కామా ఎక్కడ ఉండాలో, బిందువు ఎక్కడ ఉండాలో గంటల తరబడి చెబుతారు. మాట ఎక్కడినుండి వచ్చిందో కనిపెట్టే అభ్యాసానికి ఒక్క గంట కేటాయించరు.

ఇంత పట్టుదల ఎందుకు?

ఇది పండితుల మధ్య తగవు కాదు. 1970లో అనంతరామన్ కమిషన్ నివేదిక ననుసరించి దూదేకులవారు వెనుకబడిన తరగతుల "బి" విభాగంలో చేరారు. మిగిలిన ముస్లిములకు 2004లో, 2005లో ఇచ్చిన రిజర్వేషన్లను హైకోర్టు కొట్టివేసింది. 2007 చట్టం ముస్లిములలోని వెనుకబడిన వర్గాలను పేరుపేరున గుర్తించి నాలుగు శాతం కల్పించింది. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి పేర్లను మినహాయించింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ తోసిపుచ్చగా, ఆ మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఈ వ్యాజ్యాల్లో వెనుకబాటును ఏ సమాచారంతో నిర్ణయించారు, ఆ సమాచారాన్ని ఎట్లా సేకరించారు అన్న ప్రశ్న మళ్ళీ మళ్ళీ వచ్చింది. న్యాయస్థానం అడిగినది సనదునే.

పులివెందులలో ఒక పిల్లవాడికి కళాశాలలో సీటు దొరకడం, దొరకకపోవడం ఆ పిల్లవాడి వర్గాన్ని గూర్చి ఎవరో ఎప్పుడో వ్రాసిన వాక్యం మీద ఆధారపడవచ్చునంటే, ఆ వాక్యం ఎక్కడినుండి వచ్చిందో తెలియజేసే బాధ్యత దాన్ని తిరిగి వ్రాసే ప్రతి విద్యార్థి మీదా ఉన్నది. వార్త తెచ్చినవాడు ఎటువంటివాడో విచారించకుండా ఒక జనసమూహం మీద చర్య తీసుకోరాదని, అట్లా చేసి తరువాత పశ్చాత్తాపపడే స్థితి తెచ్చుకోరాదని దివ్య ఖురాన్ హుజురాత్ సూరా బోధిస్తున్నది. పరిశోధకుడు తీసుకొనే చర్య వ్రాయడమే.

కాబట్టి అధ్యాపకులకు ఒక సూచన. సమీక్షాధ్యాయంలో ఇన్ని పుస్తకాలుండాలని సంఖ్య విధించడం మానండి. తన ఊరిని, తన జనాన్ని గూర్చి ప్రచారంలో ఉన్న మూడే మూడు వాక్యాలను విద్యార్థిని ఎన్నుకోనివ్వండి. ఒక్కొక్కదానికి అయిదు ప్రశ్నలు వేయించండి: మొదట చెప్పినవారెవరు? ఏ సంవత్సరంలో? ఏ ఊరిని చూసి? ఏ భాషలో విని? మనదాకా తెచ్చినవారెవరు? ఒక్కొక్క వాక్యాన్ని మూలందాకా నడిపించి, దారిలో కలిసిన ప్రతివారి పేరూ వ్రాయమనండి. దారి తెగిపోయినచోట తెగిపోయిందనే వ్రాయమనండి. నలభై పుస్తకాల పట్టిక కంటే ఆ మూడు వాక్యాల సనదు విద్యార్థికి ఎక్కువ విద్య నేర్పుతుంది. దూదేకులవారి వాక్యాన్ని ఎన్నుకొన్న విద్యార్థి హాజీ ఖాజా హుస్సేన్ పేరు దాకా నడిచి వస్తాడు. ఆ పేరును తన పుటలో యథాస్థానంలో నిలిపితే అతని పరిశోధన మొదలైనట్టే.